వసంతంలో జానెడు దూరం

మా మనవరాలు ప్రదర్శన కోసం వసంతం బొమ్మతో గుడ్డ తెర తయారుచేస్తోంది. విరగబూసిన చెట్టు, దాని కింద ఓ అబ్బాయి, ఓ అమ్మాయి. అన్నీ రంగు గుడ్డల్లో కత్తిరించినవే. కుట్టేముందు వాటిని గుండుసూదులతో గుచ్చి పెట్టింది. అబ్బాయి భుజం అమ్మాయి భుజానికి ఆనుకుని ఉంది.

"పదిమంది చూసే బొమ్మ. మధ్యలో జానెడు దూరం ఉండాలి," అని టేపుతో కొలిచి, నేనే జరిపి గుచ్చాను.

తెల్లవారి చూస్తే ఇద్దరూ మళ్ళీ ఆనుకునే ఉన్నారు. మళ్ళీ జరిపాను. మర్నాడూ అదే తంతు.

"ఇలాగే ఉంటే ఈ తెర గుమ్మం దాటదు," అన్నాను.

"నీ మీద ఒట్టు నానమ్మా, నేను ముట్టుకోలేదు! ప్రదర్శన రేపే!" అంది, కళ్ళనీళ్ళ పర్యంతమై.

తెర ఉన్నది హాల్లో. అక్కడ పడుకునేది మా ఆయన ఒక్కరే. గురక భరించలేక ఆయన మంచం హాల్లో వేయించింది నేనే.

కాఫీ అందుకుంటున్న ఆయన వేలికి కట్టు కనిపించింది.

"వేలికేమైంది?"

"కూరగాయలు తరుగుతుంటే తెగింది."

"మీరు? కూరగాయలా? ఏ జన్మలో?"

ఆయన చప్పున పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. పేపరు వణుకుతోంది, నవ్వుకి.

మనవరాలిని పిలిచాను. "వాళ్ళని అలాగే కుట్టెయ్. గట్టిగా, రెండు వరసలు వెయ్. అది అయ్యాక ఇలా రా, తాతయ్య మంచం లోపలికి చేర్చాలి. ఓ కొస నువ్వు పట్టు."

"రెండో కొస నేను పడతా," అంది పేపరు.