అభ్యంతరం ఉన్నవారు చెప్పవలెను

మూడో ఆదివారం కూడా పూజ చివర ఆ ప్రకటన చదివారు.

"మన గుడి బిడ్డ తేవూక్ వచ్చే నెల డీకన్ పట్టం అందుకోబోతున్నాడు. దీనికి అడ్డు కాగల సంగతి ఏదైనా తెలిసినవారు దాచకుండా తెలియజేయాలి. అది మీ బాధ్యత."

గుడిలో అందరూ నాలుగో వరసలో ఉన్న తేవూక్ తల్లి వంక తిరిగి నవ్వారు. బున్‌సూన్ తల మీది తెల్ల ముసుగు సర్దుకుంది. మూడు వారాలుగా ఆమెకు అన్నం సహించడం లేదు.

బయట మెట్ల మీద ఓక్‌రే ఆపింది. ఇద్దరూ రేవులో పక్కపక్కనే కూర్చుని స్క్విడ్‌లు చీరి ఎండబెడతారు.

"అభ్యంతరం నా దగ్గరుంది అక్కా. ఆరేళ్ళప్పుడు నా దండెం మీది స్క్విడ్ కాళ్ళన్నీ తెంపుకు తిన్నాడు. బిషప్‌గారికి రాసెయ్యమంటావా?"

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు పడీపడీ నవ్వారు. ఇంకొన్నాళ్ళు పోతే ఆమె కొడుకుని 'ఒరే' అనడానికి లేదట, 'మీరు' అనాలట, ముందు తల్లే వంగి దండం పెట్టాలట. వాళ్ళు అలా ఆటపట్టిస్తుంటే బున్‌సూన్ కూడా నవ్వింది.

నవ్వక ఏం చేస్తుంది? ఈ గుడి కట్టి యాభై ఏళ్ళయినా ఊరి నుంచి ఒక్కడూ ఫాదర్ కాలేదు. పట్టానికి వెళ్ళేందుకు నాలుగు బస్సులు మాట్లాడారు. ఆడవాళ్ళందరూ ఒకే లేతనీలం బట్టతో పండగలకు వేసుకునే హాన్‌బోక్‌లు కుట్టించుకుంటున్నారు. గుడి గోడ మీద తేవూక్ పేరుతో మేడంత బ్యానరు. చేపల బజారులో ఆమెను పేరుపెట్టి పిలవడం మానేసి 'ఫాదర్‌గారి అమ్మ' అంటున్నారు. డీకన్ అంటే ఫాదర్ కావడానికి ముందు మెట్టే. కానీ జీవితాంతం పెళ్ళి చేసుకోనని మాట ఇచ్చేది ఆ రోజే. ఎక్కాక దిగడానికి లేని మెట్టు అది.

ఫాదర్ అయ్యే మాట తేవూక్ మొదట అన్నది పదమూడేళ్ళప్పుడు. తండ్రి పడవ మునిగి, శవం దొరికిన రోజు, పేటిక పక్కన నిలబడి, అమ్మా ఏడవకు, నేను ఫాదర్‌నవుతాను అన్నాడు. ఊరంతా కళ్ళు తుడుచుకుంది. ఆ తర్వాత వాణ్ణి ఎవరూ ఏమీ అడగలేదు. ఫాదర్ల చదువుకి సెమినరీలో చేరాడు. మధ్యలో సైన్యంలో పనిచేసి వచ్చాడు. మళ్ళీ సెమినరీకి వెళ్ళాడు. వెళ్ళిన ప్రతిసారీ ఆమె గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపింది. వాడు మలుపు తిరిగిపోయాక కూడా ఆ చెయ్యి దించబుద్ధయ్యేది కాదు.

ఇప్పుడు మాత్రం రేవు దారిన పోస్టుమాన్ ఎర్రబండి కనిపిస్తే చాలు, ఆమె చేతిలో కత్తి ఆగిపోయేది.

గురువారం గుడి ఫాదర్ కబురు పెట్టారు. ఆఫీసు గదిలో కట్టెల స్టవ్ పక్కన సెమినరీ పెద్ద అయిన రెక్టర్ కూర్చుని ఉన్నారు. ఆయన ఎదురుగా తేవూక్. నల్లకోటు భుజాల దగ్గర వదులై వేలాడుతోంది. రెక్టర్ చేతిలో ఒక ఉత్తరం. పేరు లేదు, ఊరు లేదు.

బున్‌సూన్ కొడుకు పక్క కుర్చీలో కూలబడింది.

రెక్టర్ మెల్లగా చదివారు. సెలవులైపోయి సెమినరీకి తిరిగి వెళ్ళేటప్పుడు తేవూక్ స్టాపులో మూడు బస్సులు వదిలేసి నాలుగోది ఎక్కుతాడట. ఎలా ఉన్నావని ఎవరడిగినా, ప్రశ్న పూర్తికాక ముందే బాగున్నానంటాడట. చివర ఇలా ఉంది: 'అతన్ని అడగకండి. అడిగితే ఇష్టమనే అంటాడు. ఏదో ఒక వంక పెట్టి మీరే పంపించేయండి.'

ఆయన కళ్ళద్దాలు తీశారు. "అడగకుండా ఎలా పంపను? తేవూక్, ఇది నిజమా? తలుపు వేసే ఉంది. చెప్పు."

తేవూక్ తల్లి వైపు చూశాడు.

"సీటు కోసం ఆగి ఉంటాను ఫాదర్. మా అమ్మ పదిహేనేళ్ళుగా ఈ పట్టం కోసమే బతుకుతోంది. నేనూ అంతే."

బల్ల కింద వాడి చెయ్యి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. మంచుముక్కలా ఉంది.

రెక్టర్ ఆమె వైపు తిరిగారు. "మీరు చెప్పండమ్మా. కడుపున పుట్టినవాడి సంగతి మీకన్నా ఎవరికి తెలుస్తుంది? ఇందులో నిజమేమైనా ఉందా?"

బున్‌సూన్ నోరు తెరిచింది. కిటికీ బయట ఓక్‌రే ఎవరి భుజానికో నీలం బట్ట ఆనించి కొలత చూస్తోంది. చేతిలో కొడుకు వేళ్ళు బిగుసుకున్నాయి.

"చెప్పమ్మా," అన్నాడు తేవూక్ నవ్వుతూ. "నువ్వెంత సంతోషంగా ఉన్నావో చెప్పు."

ఆమె నోరు మూసుకుంది. మళ్ళీ తెరిచింది.

"సంతోషంగానే ఉన్నాను ఫాదర్. ఎవరో గిట్టనివాళ్ళు రాసుంటారు. పట్టించుకోకండి."

రెక్టర్ ముఖం తేటపడింది. లేచి ఉత్తరాన్ని మడిచి స్టవ్‌లో వేశారు. తేవూక్ ఆమె చెయ్యి వదిలేశాడు. కాగితం అంచులు నల్లబడి, ముడుచుకుని, అంటుకుంది.

ఎవరూ పోల్చుకోకుండా ఎడమచేత్తో రాయబట్టి, ఆ ఒక్క పేజీకి బున్‌సూన్‌కు నాలుగు రోజులు పట్టింది.