తుంపర తోక

ఒక మడుగులో చుక్కి, బొట్టు, తుంపర అని ముగ్గురు కప్పపిల్లలు ఉండేవారు. తోకలైనా పోని వయసులోనే జట్టుగా పాడి గొప్ప పేరు తెచ్చుకున్నారు. వాళ్ల పాట మొదలైతే కొంగలు కూడా వేట మరిచిపోయేవి.

కచేరీలు కుదిర్చే ఎండ్రకాయ మామ మాత్రం రోజూ హెచ్చరించేవాడు. "అందరూ వచ్చేది మీ బుల్లి తోకలు చూడటానికేనర్రా! తోక పోయిందా, పేరూ పోయినట్టే."

గెంతితే తోక ఊడిపోతుందేమోనన్న భయంతో పిల్లలు గెంతడమే మానేశారు. అయినా ఒక ఉదయం లేచేసరికి తుంపర తోక కాస్తా మాయమైంది.

"ఇంక నా పాట ఎవరు వింటారు మామా?" అని తుంపర ఏడ్చింది.

"ఏడిస్తే గొంతు పోతుంది," అంటూ మామ తుంపర వెనక తోకలా ఒక నాచుపోగు కట్టాడు. "కదలకుండా పాడు."

సాయంత్రం మడుగు కిటకిటలాడింది. తుంపర బిగుసుకుని పాడసాగింది. కానీ పాట జోరందుకునేసరికి కాళ్లు ఆగలేదు. ఎగిరి గెంతింది. నాచు తోక ఊడి మామ నెత్తిన పడింది. పాట ఆగిపోయింది.

ముందు వరసలో మతిమరుపు తాబేలు అవ్వ మెడ చాచింది. "ఆపేశావేమే?"

"నా తోక పోయింది అవ్వా."

"నీకు తోకుండేదా? నాకు గుర్తే లేదే! పాట పల్లవి మాత్రం నిన్నటినుంచి నోట్లోనే ఆడుతోంది. రెండో చరణం మరిచిపోయి, అది విందామని వచ్చాను. కానియ్యి తల్లీ!"

తుంపర ఇంకా ఎత్తుకు గెంతి రెండో చరణం అందుకుంది. వెనక పాడుతున్న చుక్కి, బొట్టు తమ తోకలు ఎప్పుడెప్పుడు పోతాయా అని మాటిమాటికీ తిరిగి చూసుకున్నారు.