క్లాసులో మల్లప్ప

“ఒడిసిందా అమ్మా?”

లెక్క సగంలో ఉండగా ఫోనులోంచి ఆ గొంతు మళ్లీ వినిపించింది.

కాగితం మీద సింధు పెన్ను ఆగిపోయింది. పిల్లలు కిసుక్కున నవ్వారు.

“ఎవరది?”

“నేనేనమ్మా, మల్లప్పను.”

వెనక మేకలు అరుస్తున్నాయి.

“ఇంకా అవలేదండీ. మీరు మైకు ఆపుకోండి.”

“అట్లనా? కానియ్, కానియ్. జల్దేం లేదు.”

ఝరాసంగం దగ్గరి ఆ ఊరి బడిలో లెక్కల సారు బదిలీ అయ్యాక ఇంకెవరూ రాలేదు. పదో తరగతి పరీక్షలు తరుముకొస్తున్నాయి. ఆ సంగతి విన్నాక, ఎమ్మెస్సీ లెక్కలు చదివి జహీరాబాద్‌లో ఇల్లు దిద్దుకుంటున్న సింధుకు కాలు నిలవలేదు. ఉచితంగా దొరికే మీటింగ్ యాప్, ఒక వాట్సాప్ గ్రూపు, అంతే బడి. రెండు కందిపప్పు డబ్బాల మీద స్కేళ్లు అడ్డంగా పెట్టి, వాటి మీద ఫోను బోర్లించి, కింద తెల్లకాగితం మీద లెక్కలు చెప్పేది.

“పప్పు వండాలని డబ్బా తీసేవు, యూనివర్సిటీ కూలిపోతుంది!” అని శ్రావణ్ భార్యను ఏడిపించేవాడు.

పిల్లలు బుద్ధిమంతులు. వస్తే అందరూ ఒక్కసారే వచ్చేవారు. పోతే అందరూ ఒక్కసారే పోయేవారు. వాళ్ల క్రమశిక్షణ చూసి సింధు మురిసిపోయేది.

చిక్కల్లా ఆ మల్లప్పతోనే. ఎవరి తాతో ఏమో, పిల్లల కంటే ముందే వచ్చి కూర్చుంటాడు. దగ్గుతాడు. మేకల్ని అదిలిస్తాడు. పాఠం మధ్యలో అదే ప్రశ్న వేస్తాడు. క్లాసంతా నవ్వుల పాలవుతుంది.

ఆరోజు సింధు ఒక కష్టమైన లెక్క మొదలుపెట్టింది. అందరూ ఊపిరి బిగబట్టి వింటున్నారు.

“ఒడిసిందా అమ్మా?”

ఒక్కసారిగా నవ్వులు.

సింధుకు ఒళ్లు మండింది. మల్లప్ప పేరు మీద వేలు పెట్టి క్లాసులోంచి తీసేసింది.

“ఇప్పుడు వినండి,” అంది.

వినడానికి ఎవరూ లేరు. తెర మీద పేర్లు ఒక్కొక్కటే మాయమైపోయాయి. చివరికి తనొక్కతే మిగిలింది.

సింధు మీటింగ్ ముగించేసి డబ్బాలు పక్కకు నెట్టింది.

“చూశారా? నా మీద అలిగి అందరూ లేచిపోయారు!”

“ముసలాయనకున్న ఫాలోయింగు నీకు లేదన్నమాట,” అన్నాడు శ్రావణ్.

ఆ మాట ఇంకా గుచ్చుకుంది.

కాసేపటికి గ్రూపులో వరసగా ‘సారీ మేడమ్’ అని వచ్చాయి. తప్పు ఒప్పుకుంటున్నారు కదా అనుకుంది. జవాబివ్వలేదు. మర్నాడు లింకు పంపలేదు. ఆ మర్నాడూ పంపలేదు.

వారం తిరిగేసరికి కోపం చల్లారి దిగులు మిగిలింది. పరీక్షలు పిల్లలవి, పంతం తనది. షేర్ ఆటో ఎక్కి ఆ ఊరి బడికి వెళ్లింది.

గేటు దగ్గరే, తన క్లాసు వినే దీక్షిత వాట్సాప్ ఫొటోను బట్టి గుర్తుపట్టి పరిగెత్తుకొచ్చింది.

“మేడమ్, మీరే వచ్చిన్రా! క్లాసులు మళ్ల పెడ్తరా?”

“పెడతానమ్మా. కానీ నిజం చెప్పు. ఆ తాతను తీసేశానని అందరికీ కోపం వచ్చిందా?”

“అయ్యో, కోపమేంది మేడమ్!”

“మరి అందరూ ఒకేసారి వెళ్లిపోయారేం?”

దీక్షిత తలవంచుకుంది. కాలి బొటనవేలితో మట్టి గీరింది.

“ఇంతకీ ఎవరి తాత ఆయన?”

“ఎవరి తాత కాడు మేడమ్. ఒక్కడే ఉంటడు.”

“పద, ఆయనకో మాట చెప్పాలి.”

“లేడు మేడమ్. బీదర్‌ల బిడ్డ దగ్గరికి పోయిండు. ఆమె మస్తు రోజుల సంది రమ్మంటున్నదంట. మా క్లాసులున్నయని ఆగిండు. ఇగ బంద్ అయినయ్ గదా అని నిన్న మేకలమ్మి పోయిండు.”

“మీ క్లాసుల కోసం ఆయనెందుకు ఆగడం?”

దీక్షిత గొంతు బాగా తగ్గించింది.

“మీకు చెప్పనీకి సిగ్గయింది మేడమ్... మా ఎవ్వరి ఫోన్లల్ల నెట్ ఉండది, తాత హాట్‌స్పాట్ పెడితే ఆయన గోడ పొంట కూసొని అందరం వినేటోళ్లం, నడుమల బంద్ చేస్తే మా చదువు ఆగుతదని మీరు ఒడగొట్టేదాంక ఆయన గూడ క్లాసుల కూసునేటోడు, ఆ దినం మీరు తీసేస్తే ఒడిసిందనుకొని బంద్ చేసిండు.”