బండి చల్లారేదాకా

"మళ్లీ వేడెక్కింది," అంటూ విజయశ్రీ కారు తాళం బల్ల మీద పడేసింది.

దయాకర్ దిగ్గున లేచాడు. తార్నాకలో పాత కార్లు అమ్మే ఆ షెడ్డుకు ఓనరు, గుమాస్తా, కాపలాదారు అన్నీ ఆయనే.

"మొన్ననే రేడియేటర్ మార్పించిన గద మేడం?"

"మార్పించిన్రు. దానికి ముందు వాటర్ పంపు మార్పించిన్రు. బండికి మాత్రం బుద్ధి రాలేదు. ఇట్లాంటి బండిని నాకెట్లా అంటగట్టిన్రండీ?"

పక్కనున్న టైర్ల షాపు పరశురాం తొంగిచూసి ముసిముసిగా నవ్వాడు. "అన్నా, శనివారం మేడం వచ్చింది. ఇగ నీ పని అయిపోయింది పో!"

దయాకర్ తాళం అందుకుని కారు వైపు నడిచాడు. పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్న మనిషి ఏమని జవాబిస్తాడు?

ఓసారి వచ్చి ఓసారి రాని రోగం షెడ్డులో దొరకదు. బండిని రోడ్డు మీద తిప్పాలి, అది మొరాయించేదాకా తిప్పాలి, ఓనరు పక్కన కూర్చోవాలి. అది దయాకర్ పద్ధతి. తిప్పడానికి యూనివర్సిటీ రోడ్లకు మించినవి లేవు. ప్రతి శనివారం ఆర్ట్స్ కాలేజీ దాటాక ఎక్కడో ఒకచోట బానెట్‌లోంచి ఆవిరి లేచేది. చల్లారేదాకా రేడియేటర్ మూత తీయడానికి లేదు. ఇద్దరూ కల్వర్టు గోడ మీద కూర్చునేవారు.

మొదట్లో ఆవిడ ముఖం తిప్పుకునేది. బాటనీ చెప్పే మేడం కదా, కొన్నాళ్లకు చెట్లను చూపించి ఇది రేల, అది నెమలినార అనడం మొదలుపెట్టింది. ఒకరోజు డబ్బా తెరిచి సర్వపిండి ముక్క చేతిలో పెట్టింది. ఆయన కృతజ్ఞతతో కరిగిపోయేలోపే, "తిని కూర్చుంటే కాదు, బండి సంగతి చూడండి. నేను కంప్లయింట్ ఇస్తే మీ షెడ్డు మూతపడ్తది," అని గదమాయించింది.

అయినా ఆ సర్వపిండి రుచి వారమంతా నాలుక మీదే ఉండిపోయింది. పాపం, ఉండదా మరి! జనగామ దగ్గరి పల్లె నుంచి వచ్చి, తమ్ముళ్లను చదివించి పెళ్లిళ్లు చేసేసరికి దయాకర్ పెళ్లీడు కాస్తా దాటిపోయింది. తమ్ముళ్లు అంబర్‌పేటలో ఇళ్లు కట్టుకున్నారు. గృహప్రవేశానికి పిలిచారు, భోజనం పెట్టారు, తర్వాత మరిచిపోయారు. ఇప్పుడు ఆయనకు రాత్రిపూట తోడు కర్రీ పాయింట్ పప్పు ప్యాకెట్టే. షెడ్డుకు వచ్చేవాళ్లు రేటు తగ్గించమంటారే గాని, తిన్నావా అని అడగరు. తిట్టడానికైనా ఒక మనిషి వస్తున్నదన్న సంబరం ఎంతటిదో ఒంటరిగాళ్లకే తెలుసు.

ఆ శనివారం కూడా కారు ఆనవాయితీ తప్పకుండా ఆగింది. దయాకర్ బానెట్ ఎత్తాడు. ఎత్తి, ఎన్నడూ లేనిది, ఇంజన్ వైపు చూశాడు. ఇన్నాళ్లూ కల్వర్టు మీద కూర్చున్న మనిషి వైపు చూడటమే సరిపోయింది మహానుభావుడికి!

బండి సలసల కాగుతోంది. ఫ్యాన్ మాత్రం తిరగడం లేదు. వేలితో వైర్లు కదిపాడు. ఫ్యాన్‌కు పోయే వైరు క్లిప్పు వదులుగా ఉంది. తాకితే ఫ్యాన్ తిరుగుతోంది, వదిలితే ఆగుతోంది.

రోగం దొరికింది. దయాకర్ గుండెలో రాయి పడింది.

చెప్పకపోతే వచ్చే శనివారం ఉంటుంది. చెబితే ఉండదు. బానెట్ మూసేద్దామని చెయ్యి పైకి లేచింది కూడా. "థూ, ఎండల ఆడమనిషిని నడిరోడ్డు మీద నిలబెట్టి సంబరపడ్తవా?" అని తనను తానే తిట్టుకున్నాడు.

"మేడం, దొరికింది. గీ వైరే!"

ఆవిడ వచ్చి వంగి చూసింది. ఆయన క్లిప్పు బిగించి, టేపు చుట్టాడు. బండి చల్లారాక క్యాంపస్ అంతా మరోసారి తిప్పాడు. వేడి చూపే ముల్లు సగం దాటలేదు. ఏ చెట్టు పేరూ వినబడలేదు.

షెడ్డు ముందు దిగి, గొంతు సవరించుకుని అన్నాడు. "ఇగ ఫికర్ లేదు మేడం. మీకు నాతోని తిప్పలు తప్పినయి."

విజయశ్రీ తాళం ఆయన చేతిలోనే ఉండనిచ్చింది. "ఈ బండి నాకొద్దు."

"ఏంది మేడం? బాగైనంక వాపసా?"

"వద్దంటే వద్దు!"

అంత కోపం ఎన్నడూ చూడలేదు. ఇన్నాళ్లూ ఏడిపించినందుకు ఎంతగా అసహ్యించుకుంటున్నదో అనుకుని ఆయన చేతులు జోడించాడు. "మీ పైసలు మీకిస్తా. తప్పు నాదే."

"పైసలెవరడిగిన్రు? ఇంకో బండి చూపించండి."

ప్రాణం లేచివచ్చింది. కనీసం పరువైనా దక్కించుకుందామని షెడ్డులోకెల్లా మంచి కారు దగ్గరికి తీసుకుపోయాడు. "ఇది చూడుండ్రి. ఒక డాక్టర్ సాబ్ నడిపిండు. కండ్లు మూసుకుని కొనుండ్రి. ఐదేండ్లదాంక నా మొఖం చూసే పనుండదు."

ఆవిడ పెదవి విరిచింది. దాని పక్కదాన్నీ దాటేసింది. చివర్న, దుమ్ము కొట్టుకుపోయిన డొక్కు కారు ముందు ఆగింది.

"ఇదెట్లాంటిది?"

"అయ్యో, దాని జోలికి పోకుండ్రి! అది తుక్కుకు పోయేది. దాన్ని కొంటే దినాం నా దగ్గరికే ఉరుకుడైతది మీకు."

విజయశ్రీ కొంగుతో ఆ కారు అద్దం మీది దుమ్ము తుడిచింది.

"అయితే ఇదే ఇవ్వండి."