పిడికెడు గడ్డిగింజలు

“ఏమండీ, ఇక్కడ ఏదీ కోయకూడదు. బోర్డు చూళ్ళేదా?”

గడ్డిమైదానంలో కాలిబాట పక్కన గడ్డి కంకులు దూస్తున్న ముసలాయన చెయ్యి ఆగిపోయింది.

“చూశానమ్మా. ఓ పిడికెడే,” అన్నాడు.

మార్లిస్ ఏళ్ళ తరబడి బడిలో పిల్లల్ని అదిలించిన మనిషి. ఆ గొంతు సెలవురోజున మాత్రం ఎక్కడికి పోతుంది?

“పోనీలే అక్కా, పెద్దాయన,” గొణిగాడు తమ్ముడు కర్ట్ వెనకనుంచి.

“నువ్వూరుకో. వచ్చినవాళ్ళంతా తలో పిడికెడు పట్టుకుపోతే ఇక్కడేం మిగుల్తుంది? మా నాన్న ఏటా అక్టోబరులో మమ్మల్ని తీసుకొచ్చేవాడు. ఒక్క పరక తెంపనిచ్చేవాడు కాదు.”

“ఇక్కడికేనా?” అన్నాడు ముసలాయన.

“ఇక్కడికే. ఈ గడ్డిలోనే దాక్కునేవాళ్ళం.”

అప్పుడూ గడ్డి ఇలాగే ఎర్రబడి, నాన్న భుజాల దాకా ఉండేది. ఆయన టోపీ ఒక్కటే పైన తేలుతూ పోయేది. పిల్లలు ఎక్కడున్నారో తెలిసీ, కావాలని అటుపక్క వెతికేవాడు.

“సరే, ఇక నేనొక్కణ్ణే ఇంటికి పోవాలి కాబోలు,” అని దిగులుగా అరిచేవాడు.

పిల్లలిద్దరూ నోళ్ళు మూసుకుని నవ్వుకునేవారు.

నాన్న పోయాక వాళ్ళు ఇటు రావడం ఇదే మొదలు.

“మీ నాన్నకి ఈ చోటు బాగా నచ్చేదా అమ్మా?”

“ప్రాణం. చివరికి ఆస్పత్రి మంచం మీద కూడా ఈ గడ్డి మాటే.”



ముసలాయన పిడికిలి విప్పాడు. గింజలు గాలికి చెదిరి గడ్డిలో పడిపోయాయి.

“నువ్వన్నదే నిజమమ్మా. వీటి చోటు ఇదే.”

చేతికర్ర పొడుచుకుంటూ వెళ్ళి, దూరంగా కారులో ఎదురుచూస్తున్నావిడ పక్కన కూర్చున్నాడు. కారు కదిలిపోయింది.

“చిన్నబుచ్చావక్కా ఆయన్ని.”

“చిన్నబుచ్చడమేంటి? ఉన్నమాటే చెప్పాను.”

దిబ్బ మీదకెక్కి, తెచ్చుకున్న హామ్ శాండ్విచ్‌లు తిన్నారు. కాఫీ తాగారు. గాలికి గడ్డి అంతా అలలు అలలుగా వంగుతుంటే, నాన్న టోపీ ఎక్కడైనా కనిపిస్తుందేమోనన్నట్టు చాలాసేపు చూస్తూ కూర్చున్నారు.

తిరిగొచ్చేటప్పుడు మార్లిస్ ఊరుకోలేదు. గేటు దగ్గర డ్యూటీలో ఉన్న కాపలామనిషి లియోటాకి జరిగింది చెప్పింది.

“గళ్ళ చొక్కానా? చేతికర్ర ఉందా?” అడిగింది లియోటా.

“ఆయనే. కోసినవి అక్కడే పారబోశాడు లెండి.”

లియోటా గబగబా బయటికొచ్చి రోడ్డు వైపు చూసింది. రోడ్డు ఖాళీగా ఉంది.

“నేనే కోసుకోమన్నానండీ,” అంది మెల్లిగా. “ఈ అయోవా చలి ఆయనకిక పడదట. కూతురు అరిజోనా తీసుకెళ్ళిపోతోంది. ఓ గుప్పెడు గింజలు అక్కడ కుండీలో చల్లుకుంటానన్నాడు. మళ్ళీ ఇటు రాలేడు.”



“ఎవరండీ ఆయన?” అన్నాడు కర్ట్.

“వెర్లిన్ ఆస్ట్‌బీ. ఇదంతా ఒకప్పుడు ఆయన మొక్కజొన్న చేను. రైలు పట్టాల పక్కనా, సమాధుల మధ్యా నాగలి పడక మిగిలిన పాత గడ్డి గింజలు ఏరుకొచ్చి, ఊరంతా పిచ్చోడని నవ్వుతుంటే ఏటా ఇందులో చల్లుతూనే ఉన్నాడు. మీరివాళ నడిచొచ్చిన గడ్డి అంతా ఆయన చేత్తో చల్లిందే.”