పంటి డాక్టరు

“నువ్వేంది బుల్లెమ్మక్కా, ఇక్కడ?”

గుంటూరులో మనసు డాక్టరమ్మ గది బయట, మా పక్కింటి బుల్లెమ్మ కొంగుతో మొహం కప్పుకుంది.

మేము మా ఊళ్లో, మాచర్లలో అందరికీ పంటి డాక్టరు దగ్గరికని చెప్పి వచ్చాం, నేనూ, డిగ్రీ చదివే నా కూతురు హుమేరా. దానిమీద అఘాయిత్యం చేసిన కోచింగ్ సారు బెయిలు మీద వచ్చి పట్టపగలే తిరుగుతున్నాడు. దాక్కునేది మేము.

హుమేరా ఆ సంగతి చెప్పిన రోజు, దడుపు పోవాలని దర్గా నుంచి తాయెత్తు తెచ్చి కట్టింది ఈ బుల్లెమ్మే. “చిన్నప్పుడు నాకూ ఇదే కట్టారు. తగ్గిపోలా? ఇంక ఎవరికీ చెప్పమాక” అంది. ఆ మాట నాకింకా మండుతూనే ఉంది.

“నీకెప్పుడో తగ్గిపోయింది కదక్కా, నీకెందుకు డాక్టరు?” అన్నాను.

బుల్లెమ్మ కొంగు తీసింది.

“తగ్గిందనే అనుకున్నా జబ్బారూ. ఆ రోజు ఈ పిల్ల చెబుతుంటే నాకు మా మేనమామ మొహం కనపడింది. అప్పట్నుంచి నిద్ర లేదు.”

హుమేరా లేచి వెళ్లి ఆమె పక్కన కూర్చుంది.

“భయపడమాక అత్తమ్మా. డాక్టరమ్మ తొందరపెట్టదు. ఏడుపొస్తే ఏడవనిస్తది. నేను తలుపు దగ్గరే ఉంటా.”

లోపలి నుంచి పిలుపు వచ్చింది. బుల్లెమ్మ రెండడుగులు వేసి, మళ్లీ నా దగ్గరికి వచ్చింది.

“ఊళ్లో ఎవరన్నా అడిగితే, పంటినొప్పికి వచ్చానని చెప్పు జబ్బారూ.”

“పళ్లు మేం వాడేసుకున్నామక్కా. నువ్వు కళ్లని చెప్పు.”