గ్రాసియాస్ అనేదాకా

మా అత్తగారు డియొలిండా, టెరెరె అనే చల్లటి ఆకు పానీయం కలిపిందంటే, మనం "గ్రాసియాస్" అనేదాకా పోస్తూనే ఉంటుంది. థాంక్స్ అనే ఆ మాటకి మా దగ్గర "ఇంక చాలు" అని అర్థం. మొదటి గుక్కకే అంటే మొహాన కొట్టినట్టు.

ఆ సాయంత్రం చీకటి పడగానే కరెంటు పోయింది. చనిపోయిన మామగారి ఎద్దుకొమ్ము గ్లాసుని ఆవిడ కొట్టంలోంచి తెచ్చి, తడుముకుంటూ ఆకు వేసి, చల్లనీళ్లు పోసింది.

"కడిగారా అత్తయ్యా?"

"ఆయన మూతి తగిలిన గ్లాసు. కడిగేస్తే నాకేం మిగుల్తుందే? వేషాలు మాని తాగు."

గొట్టంతో పీల్చగానే జిగురు పోగొకటి నాలుకకి చుట్టుకుంది. ఆవిడేమనుకుంటుందోనని మింగేశాను.

మళ్లీ నింపింది. ఈసారి నలకలొచ్చాయి, మెత్తగా, చాలా. అవీ మింగాను.

కరెంటొచ్చింది. తడి ఆకులోంచి ఒక పెద్ద సాలీడు అంచు మీదికి పాకింది. గడ్డిలో గొట్టంలాంటి గూడు అల్లే రకం. పగిలిన గుడ్ల తిత్తి ఇంకా దాని వెనకే వేలాడుతోంది. ఈ జాతి తల్లి పుట్టిన పిల్లలన్నిటినీ వీపు మీదే మోస్తుంది.

దీని వీపు బోసిగా ఉంది.

"పిల్లలేవీ?" అంది అత్తయ్య, కొమ్ములోకి తొంగి చూస్తూ.

"గ్రాసియాస్" అన్నాను.

ఆవిడ తలెత్తి నా నోటికేసి చూసింది. కుర్చీ వెనక్కి జరుపుకుంది.